ముఖం కనిపిస్తోంది... మరి చిరునామా ఏది?

కువైట్‌లో ఉన్న కొడుకుతో, దుబాయిలో ఉన్న అల్లుడితో, రియాద్‌లో ఇంటిపని చేస్తున్న కూతురితో ప్రతిరోజూ మాట్లాడటం ఇప్పుడు మన ఇళ్లల్లో వింత కాదు. అల్లూరు, విడవలూరు మొదలుకొని ముత్తుకూరు, కోట, వాకాడు దాకా నెల్లూరు సముద్రతీరంలో ఏ ఊరికి వెళ్లినా ఇదే దృశ్యం. సాయంత్రం అసర్ నమాజు వేళ దాటిందంటే అరుగు మీద కూర్చొని, సెల్‌ఫోను ముఖానికి ఎదురుగా ఎత్తిపట్టుకొని, వీధి చివరికి వినపడేంత గట్టిగా "ఎట్టుండావు బేటా? అన్నం తిన్నావా?" అని అడిగే తల్లులు కనిపిస్తారు. నిమిషానికి ఇంత అనే లెక్క లేదు. ఫోనులో ఇంటర్‌నెట్ ఉంటే చాలు, గంటసేపైనా మాట్లాడుకోవచ్చు, ముఖాలు కూడా చూసుకోవచ్చు.

ఈ సౌకర్యం మీద మాకు కోపం లేదు. నెలల తరబడి గొంతు వినకుండా గడిపిన కుటుంబాలను చూసినవాళ్లం, కోపం ఎందుకుంటుంది? అయితే ఈ కొత్త వస్తువు ఇంట్లోకి వస్తూ ఒక పాత వస్తువును బయటికి పంపేసింది. అది చిరునామా. మీ అబ్బాయి ఎక్కడున్నాడమ్మా అంటే "కువైట్‌లో" అంటారు. కువైట్‌లో ఎక్కడ, ఎవరి దగ్గర అంటే మాట ఆగిపోతుంది. "రోజూ ఫోను చేస్తాడు కదండీ" అంటారు. ఈ జవాబు విన్నప్పుడల్లా మాకు గుండె ఝల్లుమంటుంది. ఎందుకో చెబుతాము.

1990 ప్రాంతంలో మేము మదర్సా చదువు ముగించుకొని వచ్చేనాటికి, పరదేశం వెళ్లినవారి ఇళ్లల్లో ఆడవారు మా చేత ఉత్తరాలు రాయించుకొనేవారు. వారు చెప్పేది ఉర్దూలో. రాసేది మాత్రం అవతల చదివిపెట్టే మనిషికి ఏ భాష వస్తే ఆ భాషలో. నీలిరంగు ఏరోగ్రాములో చోటు తక్కువ, చెప్పవలసింది ఎక్కువ. మేక ఈనిన సంగతి, కప్పు కారుతున్న సంగతి, చీటీ డబ్బు కట్టవలసిన సంగతి అన్నీ ఇరికించాలి. మడిచి అంటించాక అసలు పని మొదలయ్యేది. గల్ఫ్ దేశాల్లో పోస్టుమాను గడప దాకా వచ్చి ఉత్తరం ఇచ్చే అలవాటు లేదు. ఉత్తరం పోస్టు బాక్సుకు చేరాలి. కఫీలు పేరు, ఆయన పోస్టు బాక్సు నంబరు, ఊరు, దేశం పొల్లుపోకుండా రాయాలి. ఒక్క అంకె తప్పితే ఉత్తరం పోయినట్టే. అందుకని ఆ చిరునామాను ప్రాణంగా దాచుకొనేవారు. ఒకరింట్లో ట్రంకు పెట్టె మూతకు లోపలివైపు అంటించి ఉండేది. ఇంకొకరింట్లో బొగ్గుతో గోడ మీదే రాసి ఉండేది. సున్నం వేసేటప్పుడు అంతమేర వదిలేసి వేసేవారు. చదువు రాని తల్లి కూడా "మావాడి బాక్సు నంబరు" అని ఆ అంకెలు నోటితో చెప్పగలిగేది.

ఆ అంకెల విలువ 1990 ఆగస్టు 2న తెలిసింది. ఆ రోజు ఇరాక్ సైన్యం కువైట్‌లో ప్రవేశించింది. అక్కడినుంచి బయటి దేశాలకు టెలిఫోను తెగిపోయింది. ఆ తరువాత మన ప్రభుత్వం సుమారు లక్షా డెబ్బై వేలమంది భారతీయులను, ఎక్కువమందిని జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా, ఎయిరిండియా విమానాల్లో స్వదేశానికి చేర్చింది. ఆగస్టు 13 నుంచి అక్టోబరు 11 దాకా 488 సార్లు విమానాలు నడిపిన ఆ పని ప్రపంచ చరిత్రలోనే పెద్దదని ఇప్పటికీ చెప్పుకొంటారు. అదలా ఉంచండి. ఆ రెండు నెలలు ఇక్కడ కూర్చున్న తండ్రికి ఉన్న ఆధారం ఏమిటి? పాత కవరు వెనక ఉన్న చిరునామా ఒక్కటే. ఫలానా పేటలో, ఫలానా షేకు దగ్గర డ్రైవరుగా ఉన్నాడని రాయగలిగినవారి అర్జీ ఒక అర్జీగా ఉండేది. "కువైట్‌లో ఉన్నాడు" అని మాత్రమే రాస్తే ఏ అధికారి మాత్రం ఎక్కడ వెతుకుతాడు?

ఉత్తరాల వెంబడే ఎస్టీడీ బూతులు వచ్చాయి. పసుపుపచ్చ బోర్డు, అద్దాల గది, గోడమీద ఎర్ర అంకెలు పరుగెత్తే మీటరు. మన తీరంలో 1994-95 ప్రాంతంలో రొయ్యలకు తెల్లమచ్చ తెగులు తగిలి గుంటలు ఎండగట్టినవారిలో కొందరు కూడా పాసుపోర్టు చేయించుకొని విమానం ఎక్కారు. కాబట్టి బూతుల ముందు జనానికి కొదవ లేదు. విదేశానికి వెళ్లే ప్రతి మాటా విదేశ సంచార్ నిగమ్ అనే ప్రభుత్వ సంస్థ ద్వారానే పోవాలి. నిమిషానికి పదుల రూపాయలు. 1990ల చివర అమెరికాకైతే నిమిషం అరవై రూపాయలు దాటింది. అందుచేత ఇక్కడినుంచి చేసేవారు తక్కువ, అక్కడినుంచి చేస్తే ఎత్తుకొనేవారు ఎక్కువ. కువైట్, సౌదీ గడియారాలు మనకంటే రెండున్నర గంటలు వెనక, దుబాయి గంటన్నర వెనక. శుక్రవారం అక్కడ సెలవు. జుమా నమాజు చదివి, అన్నం తిని, ఫోను డబ్బా దగ్గర వరుసలో నిలబడి వారు నంబరు తిప్పేసరికి ఇక్కడ మూడో, నాలుగో అయ్యేది. బూతు యజమాని కుర్రవాడిని పరుగెత్తిస్తే, తల్లి చేతిలో గరిటె అలాగే పట్టుకొని వచ్చేది. మూడు నిమిషాలు. అందులో ఒక నిమిషం ఏడుపుకే సరి.

ఇక ఇంటర్‌నెట్ ఫోను సంగతి. 1995 ఫిబ్రవరిలో వోకల్‌టెక్ అనే ఇజ్రాయెల్ కంపెనీ, కంప్యూటరు నుంచి కంప్యూటరుకు మాట పంపే ఒక ప్రోగ్రామును అమ్మకానికి పెట్టింది. అదే సంవత్సరం ఆగస్టు 15న మన దేశంలో సామాన్యులకు ఇంటర్‌నెట్ వచ్చింది. వచ్చిందన్నమాటే గాని దాని మీద ఫోను మాట్లాడటం మాత్రం మన చట్టం ఒప్పుకోలేదు. 1999 నాటి టెలికాం విధానంలో ఇప్పటికి దీనికి అనుమతి లేదని స్పష్టంగా రాశారు. విదేశీ ఫోన్ల రాబడి ఎంతటిదో తెలిసినవారికి ఆ నిషేధం కారణం వేరే చెప్పనక్కరలేదు. చివరికి 2002 ఏప్రిల్ 1న తలుపు తెరిచారు. అప్పటినుంచి నెట్ సెంటర్లలో చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని విదేశాలకు మాట్లాడటం మొదలైంది. ఇక్కడ అన్న మాట అక్కడికి ఆలస్యంగా చేరేది. మన గొంతు మనకే తిరిగి వినపడేది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఇద్దరూ ఒకేసారి ఆగిపోయేవారు. అయినా ధర ముందు ఆ లోపాలు లెక్కలోకి రాలేదు. 2003 ఆగస్టులో స్కైప్ వచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా నడిచి 2025 మేలో మూతపడింది. ఈలోగా వాట్సాప్‌లో 2015లో మాట, 2016 నవంబరులో ముఖం కూడా వచ్చాయి. ఆ సంవత్సరమే సెప్టెంబరు 5న జియో రావటంతో ఇంటర్‌నెట్ ధర ఒక్కసారిగా పడిపోయింది. దానితో ఎస్టీడీ బూతు చరిత్రలో కలిసింది.

ఇంత చౌక ఎలా సాధ్యమని మా విద్యార్థులు అడుగుతుంటారు. మామూలు ఫోను అంటే నెల్లూరు నుంచి చెన్నైకి లారీ మొత్తం కిరాయికి మాట్లాడుకోవటం. ఒక బస్తా వేసినా, వంద వేసినా, ఖాళీగా నడిపినా కిరాయి తప్పదు. మీరు మౌనంగా ఉన్నా ఆ దారి మీ పేరు మీదే ఉంటుంది. ఇంటర్‌నెట్ ఫోను అలా కాదు. మీ గొంతును సెకనుకు యాభై దాకా చిన్న చిన్న పొట్లాలుగా కట్టి, ఒక్కొక్క పొట్లం మీద అది చేరవలసిన చోటు రాసి, పోయే బస్సుల్లో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ వేసి పంపుతుంది. అవతల వాటిని వరుసగా పేర్చి వినిపిస్తుంది. మరీ ఆలస్యంగా వచ్చిన పొట్లాన్ని పారేస్తుంది. మాట మధ్యలో మింగినట్టు వినపడేది అందుకే. (ప్రతి పొట్లం మీదా చిరునామా రాయటం యంత్రం మరచిపోదు. మరచిపోయేది మనుషులమే.)

ఇందులో రెండు రకాలు ఉన్నాయి. ఇద్దరి ఫోనుల్లోనూ ఒకే యాప్ ఉంటే ఇంటర్‌నెట్ ఖర్చు తప్ప వేరే ఖర్చు లేదు. యాప్ నుంచి అవతల మామూలు నంబరుకు చేస్తే మాత్రం డబ్బు పడుతుంది. ఎందుకంటే చివరి అంచెలో ఆ దేశపు టెలిఫోను కంపెనీకి దాని వాటా చెల్లించాలి. రెండో రకం పనికిరాదని మనవారు వదిలేశారు గాని, అవసరానికి ఉపయోగపడేది అదే. కఫీలు ఇంటి ఫోను మోగాలంటే ఆయన మీ యాప్‌లో ఉండనక్కరలేదు కదా!

ఈ పొట్లాలన్నీ ఆకాశంలో ఎగిరిపోతాయని చాలామంది అనుకుంటారు. సముద్రాన్ని నమ్ముకొని బతికే మన తీరం వారికైనా అసలు సంగతి తెలియాలి. అవి ఎక్కువ భాగం సముద్రపు అడుగున వేసిన తీగల్లో పోతాయి. 2008 ఫిబ్రవరి 1న దుబాయికి సమీపంలో అలాంటి తీగ ఒకటి తెగింది. ఆ ముందు రోజుల్లోనే ఈజిప్టు దగ్గర మరికొన్ని తెగి ఉండటంతో మన దేశంలోనూ, గల్ఫ్‌లోనూ ఇంటర్‌నెట్ కుంటుపడింది. దుబాయి తీగను తెంచింది ఏమిటో తెలుసా? వదిలేసిన ఒక ఓడ లంగరు, అయిదారు టన్నుల బరువుది. 2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో జిద్దా దగ్గర తీగలు తెగినప్పుడు మళ్లీ ఇదే ఇబ్బంది. అలాంటి రోజున యాప్ పలకకపోతే బిడ్డకేదో అయిందని గుండెలు బాదుకోనక్కరలేదు. మామూలు నంబరుకు ఒక్క నిమిషం ఫోను చేస్తే తేలిపోతుంది. ఆ నంబరు మన దగ్గర ఉంటేనే సుమా!

దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను మన తీరాన్ని వణికించింది. అలాంటి గాలివానలో కరెంటు పోయి, సెల్ టవరు మూగబోతే యాప్ పలకదు. పరదేశంలో టీవీ ముందు కూర్చున్న కొడుకుకు తల్లి బతికి ఉందో లేదో తెలియదు. నెల్లూరు పట్నంలోనో, వేరే జిల్లాలోనో ఉన్న ఒక బంధువు నంబరు అతని దగ్గర ఉంటే ఆ రాత్రి అతను నిద్రపోగలడు.

ఇప్పుడు చట్టం మాట. చౌక ఫోను అన్ని దేశాల్లోనూ ఒకే తీరుగా చెల్లదు. దుబాయి, అబూధాబి, షార్జా ఉన్న యూఏఈలో ప్రభుత్వ అనుమతి ఉన్న బోటిమ్ వంటి యాప్‌లతోనే మాట్లాడాలి. వాట్సాప్‌లో అక్షరాలు పోతాయి గాని మాట పోదు. ఈ నియమం చాలా ఏళ్లుగా ఉంది. సౌదీలో 2017 సెప్టెంబరులో నిషేధం సడలించారు గాని, అన్ని యాప్‌లకూ ఒకేసారి దారి ఇవ్వలేదు. ఇక్కడివారికి ఇది తెలియదు. "పక్కింటి వాళ్లబ్బాయి వాట్సాప్‌లో కనిపిస్తున్నాడు, నువ్వెందుకు కనిపించవు?" అని కొడుకును నిలదీస్తారు. వాడు తల్లి పోరు పడలేక ఎవరో చెప్పిన వీపీఎన్ పెట్టుకొంటాడు. యూఏఈలో 2021 నాటి 34వ నంబరు చట్టం ప్రకారం వీపీఎన్ ముసుగులో నేరం చేస్తే జైలు, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హముల దాకా జుల్మానా. కంపెనీలు పని కోసం వీపీఎన్ వాడుకోవటం వేరు, ఆపివేసిన దాన్ని దొంగదారిన తెరవటం వేరు. మీ మనవడి పుట్టినరోజు వీడియోలో చూపించటానికి కొడుకు మెడ మీద ఇంత కత్తి వేలాడదీయవలసిన అవసరం ఉందా? అనుమతి ఉన్న యాప్ ఏదో వాడినే అడిగి, ఇక్కడ మీరు పెట్టుకోండి.

మన దేశంలోనూ ఒక చీకటి దారి ఉంది. గల్ఫ్ నుంచి ఫోను వస్తుంది, తెర మీద మాత్రం మన దేశపు నంబరు కనిపిస్తుంది. ఎవరో ఒక గదిలో వందల సిమ్ముల పెట్టె పెట్టి, ఇంటర్‌నెట్ మీద వచ్చిన విదేశీ మాటను ఇక్కడి మాటగా మార్చి పంపుతున్నారన్న మాట. "గదికి మంచి అద్దె ఇస్తాం, ఒక డబ్బా పెట్టుకొంటాం, కరెంటు ఉంటే చాలు" అని అడిగేవారు వస్తారు. "నీ పేరు మీద నాలుగు సిమ్ములు తీసి ఇవ్వు" అని కుర్రవాళ్లను అడుగుతారు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఇలాంటి వ్యాపారం చేసినా, మోసంతో సిమ్ములు సంపాదించినా మూడేళ్ల దాకా జైలు ఉంది. ఇల్లు అద్దెకిచ్చేవారు ఆ డబ్బా ఏమిటో అడగకుండా తాళంచెవి చేతికివ్వకండి.

అసలు విషయానికి వద్దాం. బిడ్డ ముఖం రోజూ చూస్తున్నాం కదా, అన్నీ తెలిసినట్టే కదా అనిపిస్తుంది. కెమెరా చూపించేది ముఖమూ, దాని వెనక జానెడు గోడా మాత్రమే. డ్రైవరు పని అని చెప్పి తీసుకువెళ్లి ఎడారిలో గొర్రెలు కాయించినా, ముఖం ముఖంలాగే కనిపిస్తుంది. అప్పు చేసి పంపిన తల్లికి ఆ మాట చెప్పలేక, ఫోను కాస్త పైకి పట్టుకొని నవ్వుతూ మాట్లాడే బిడ్డలు ఉన్నారు. ఉత్తరంలో అబద్ధం రాయలేరా అంటే రాయగలరు. కాని కవరు మీద చిరునామా అబద్ధం రాస్తే జవాబు రాదు.

ఇంకొక చిక్కు ఉంది. చాలామంది ఇక్కడి సిమ్ము నంబరు మీదే వాట్సాప్ ఉంచుకొంటారు. అంటే మన దగ్గర ఉన్నది కువైట్ నంబరు కూడా కాదు, మనం ఇక్కడ కొనిచ్చిన నంబరే. ఫోను పగిలినా, పోయినా, యజమాని లాక్కున్నా ఆ దారి పూర్తిగా మూసుకుపోతుంది. ఇంటిపనికి వెళ్లిన ఆడవారి విషయంలో ఇది మరీ ప్రమాదం. కడప, గోదావరి జిల్లాలతో పాటు మన నెల్లూరు నుంచి కూడా కువైట్ ఇళ్లల్లో పనికి వెళ్లిన ఆడకూతుళ్లు ఎందరో ఉన్నారు. 2015లో కువైట్ ఇంటిపనివారి కోసం 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించరాదు. వారానికి ఒకరోజు సెలవు, ఏడాదికి నెలరోజుల సెలవు ఇవ్వాలి. పాసుపోర్టు యజమాని దగ్గర ఉంచుకోరాదు. చట్టం మంచిదే. అయితే ఆ ఇంటి తలుపు తట్టి అడగాలంటే ముందు ఆ ఇల్లు ఎక్కడుందో తెలియాలి కదా? మన ప్రభుత్వం ఇంటిపనికి వెళ్లే ఆడవారికి ముప్పై ఏళ్లు నిండాలని నియమం పెట్టింది. ఈ-మైగ్రేట్‌లో నమోదై వెళ్తే యజమాని పేరు, ఒప్పందం ప్రభుత్వం దగ్గర ఉంటాయి. ఏజెంటు మాట నమ్మి విజిట్ వీసా మీద వెళ్లినవారి గురించి ప్రభుత్వం దగ్గర అలాంటి కాగితం ముక్క కూడా ఉండదు. ఉన్నదల్లా తల్లి ఫోనులో ఒక చిన్న గుండ్రటి బొమ్మ!

మా ఎరుకలో ఒక కుటుంబం ఉంది. ఊరు, పేరు చెప్పము. కూతురు కువైట్ వెళ్లిన రెండో ఏట ఒక గురువారం నుంచి ఫోను ఆగిపోయింది. మొదటి వారం చార్జీ అయిపోయిందేమో అనుకొన్నారు. రెండో వారం మా దగ్గరికి వచ్చారు. రాయబార కార్యాలయానికి అర్జీ రాద్దామని కూర్చొని, ఒక్కొక్కటే అడిగాము. పాసుపోర్టు నంబరు? లేదు, జిరాక్సు తీయలేదు. కఫీలు పేరు? "బాబా అంటుందండీ." ఏ పేట? "పెద్ద మేడ అండీ, ముందు ఖర్జూరం చెట్టు ఉంది, వీడియోలో చూపించింది." ఏజెంటు ఫోను ఎత్తడు. ఆ తండ్రి రెండేళ్లలో కూతురితో వందల గంటలు మాట్లాడి ఉంటాడు. అర్జీలో రాయటానికి ఒక్క వాక్యం కూడా ఆయన దగ్గర లేకపోయింది. ఇరవై ఆరు రోజుల తరువాత ఆ పిల్ల వేరే ఇంట్లో పనిచేసే మరో తెలుగు ఆమె ఫోను నుంచి మాట్లాడింది. ఫోను నీళ్లలో పడిపోయిందట, కొత్తది కొనటానికి జీతం ఇవ్వలేదట. అల్లాహ్ దయవల్ల అంతటితో పోయింది. ఆ ఇరవై ఆరు రోజుల్లో తల్లి సగమైపోయింది.

ఇదే చౌక ఫోను ప్రాణం నిలిపిన సందర్భమూ ఉంది. 2024 జూలైలో రాయలసీమ నుంచి కువైట్ వెళ్లిన ఒక కూలి, ఎడారిలో ఒంటరిగా జీవాలను కాస్తూ నరకం పడుతున్నానని ఏడుస్తూ వీడియో తీసి పంపాడు. అది చేతులు మారి రాష్ట్ర మంత్రి నారా లోకేశ్ దాకా చేరింది. ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీఎన్‌ఆర్‌టీ, రాయబార కార్యాలయం కదిలాయి. కొద్ది రోజుల్లోనే అతను ఇంటికి వచ్చాడు. లక్షలమంది చూసిన వీడియో కాబట్టి కదిలారు. ప్రతి బిడ్డ వీడియో లక్షలమంది చూడరు. చూడని బిడ్డకు కూడా దారి ఉంది. విదేశాంగ శాఖ 2015లో మదద్ అనే వెబ్‌సైటు పెట్టింది. ఇంట్లో కూర్చొనే ఫిర్యాదు నమోదు చేయవచ్చు, నంబరు ఇస్తారు, ఏ దశలో ఉందో చూసుకోవచ్చు. అయితే అక్కడా మళ్లీ అవే ప్రశ్నలు: పాసుపోర్టు నంబరు ఎంత? యజమాని ఎవరు? ఎక్కడ?

చెప్పటానికి నోరు రాదు గాని, చనిపోయినప్పుడు కూడా ఇంతే. మయ్యత్ ఇంటికి రావాలంటే అక్కడి మరణ ధ్రువపత్రం, యజమాని కాగితాలు, రద్దు చేసిన పాసుపోర్టు కావాలి. వివరాలు తెలిసినవారి ఇంటికి రోజుల్లో వస్తుంది. తెలియనివారికి వారాలు గడుస్తాయి.

మోసగాళ్లకు కూడా ఈ లోటు బాగా తెలుసు. "మీ అబ్బాయిని పోలీసులు పట్టుకొన్నారు, గంటలో డబ్బు వేయండి" అని కొడుకు ఫొటో పెట్టిన నంబరు నుంచి ఫోను వస్తుంది. ఇప్పుడు గొంతును కూడా యంత్రంతో అనుకరిస్తున్నారు. కంపెనీ నంబరో, గదిలో తోడున్నవాడి నంబరో ఉన్నవారు రెండు నిమిషాల్లో నిజం తేల్చుకొంటారు. లేనివారు నగలు కుదువ పెట్టి డబ్బు వేస్తారు. అలా పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోను చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

కొందరు తల్లులు మాతో అంటారు: "అడిగితే అనుమానించినట్టు అనుకొంటాడేమో హజ్రత్!" అనుకోడు. ఉత్తరాల కాలంలో ఏ కొడుకూ తల్లి తన చిరునామా అడిగిందని అలగలేదు. ఏమి అడగాలో కూడా తెలుసుకొని అడగండి. కువైట్‌లో ప్రతి మనిషికీ సివిల్ ఐడీ కార్డు ఉంటుంది, దాని మీద 12 అంకెలు. సౌదీలో ఇఖామా, 10 అంకెలు, మొదటిది 2. యూఏఈలో ఎమిరేట్స్ ఐడీ, 15 అంకెలు, 784తో మొదలవుతుంది. ఇళ్లకు కూడా నంబర్లు ఉన్నాయి. కువైట్‌లో ప్రతి భవనం గోడకూ ఒక పలక బిగించి ఉంటుంది. ప్రాంతం, బ్లాకు, వీధితో పాటు 8 అంకెల సంఖ్య ఉంటుంది. ఆ ఎనిమిది అంకెలు చెబితే ఆ ఇల్లు ఎక్కడుందో ప్రభుత్వపు యాప్‌లో కనిపిస్తుంది. దుబాయిలో మకానీ అనే 10 అంకెల పలక. సౌదీలో నాలుగు అక్షరాలు, నాలుగు అంకెలు కలిసిన చిన్న చిరునామా. పోస్టు బాక్సు నంబరు కంటే ఇవి నయం, ఎందుకంటే ఇవి నేరుగా ఇంటి గుమ్మాన్ని చూపిస్తాయి.

వీటిని ఫోనులోనే దాచుకొంటే ఫోనుతో పాటే పోతాయి. వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, ఆ కార్డు బొమ్మ ఎవరి చేతిలో పడుతుందో తెలియదు. పిల్లల నోటుపుస్తకంలో ఒక పేజీ చాలు. పాసుపోర్టు జిరాక్సు, వీసా జిరాక్సు దానికి పిన్ను కొట్టండి. కఫీలు పేరు అరబ్బీలో ఎలా రాస్తారో కూడా బిడ్డ చేత రాయించి పంపించుకోండి. అరబ్బీ పేరును మన అక్షరాల్లో రాస్తే ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా చదువుతారు. మసీదు ఇమాము గారినో, మదర్సా పిల్లవాడినో అడిగితే దాన్ని శుభ్రంగా తిరిగి రాసిపెడతారు. పని మారినా, గది మారినా పాతది కొట్టివేసి కొత్తది పక్కనే రాయండి, తేదీ వేయండి.

కువైట్‌లో ఈ రోజు జుమా అయ్యేసరికి మనకు మూడు దాటుతుంది. ఫోను వచ్చినప్పుడు ఆ ఎనిమిది అంకెలు చదివి వినిపించమనండి. సెలవు దొరకని ఇంటిపనిలో ఉన్న కూతురైతే, చెత్తబుట్ట బయట పెట్టటానికి వెళ్లినప్పుడు గుమ్మం పక్కన పలక చూసి రమ్మనండి.